గోడ మీద అంకె, బాయిలర్ మీద అంకె



గడియారాలు గంట వెనక్కి తిప్పుకున్నాం. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతోంది. రెడింగ్‌లో, స్లౌలో, మిల్టన్ కీన్స్‌లో, ఈస్ట్ హామ్‌లో, ఇంగ్లండ్‌లో మనవాళ్ళున్న ఊళ్ళన్నిట్లో హీటింగ్ మొదలైపోయింది. ఈ పూట మీతో మాట్లాడదలచుకున్నది ఆ హీటింగ్‌ని నడిపించే గ్యాస్ బాయిలర్ గురించి. అందులోనూ ఒకే ఒక్క అంకె గురించి. చాలా ఇళ్ళలో బాయిలర్ బిగించి వెళ్ళిన రోజు ఎంతలో పెట్టారో, ఇవాళ్టికీ ఆ అంకె అక్కడే ఉంది. దాన్ని తగ్గించవచ్చని ఇంట్లోవాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

మామూలుగా మనం ముట్టుకునేది గోడ మీది థర్మోస్టాట్. హాల్లోనో, మెట్ల దగ్గరో ఉంటుంది. దాని మీద 20 అని పెడితే గది 20 డిగ్రీలకు రాగానే హీటింగ్ ఆగుతుంది. చలి వేస్తే పెంచుతాం, బిల్లు చూసి తగ్గిస్తాం. రెండోది రేడియేటర్ పక్కన 1 నుంచి 5 దాకా అంకెలున్న మర. అది ఆ ఒక్క గదికి సంబంధించింది. ఇవి రెండూ గది ఎంత వెచ్చగా ఉండాలో చెప్పేవి. మూడో అంకె బాయిలర్ ముఖం మీద, రేడియేటర్ బొమ్మ పక్కన ఉంటుంది. అది గది సంగతి చెప్పదు. బాయిలర్ నుంచి రేడియేటర్లకు బయల్దేరే నీళ్ళు ఎంత వేడిగా ఉండాలో చెబుతుంది. దీన్నే ఫ్లో టెంపరేచర్ అంటారు.

గది 20 డిగ్రీలకు రావడానికి 80 డిగ్రీల నీళ్ళు పంపవచ్చు, 55 డిగ్రీల నీళ్ళూ పంపవచ్చు. మొదటిదైతే గది త్వరగా వేడెక్కుతుంది, రెండోదైతే నిదానంగా. చివరికి గది మాత్రం అదే 20 దగ్గర నిలుస్తుంది. కాలిన గ్యాసు మాత్రం ఒకేలా ఉండదు. ఎందుకుండదో కొంచెం వివరంగా చెబుతాను. ఇది తెలిస్తే మిగతాదంతా మీకే తోస్తుంది.

గ్యాసు మండితే నీళ్ళు పుడతాయి. మన ఇళ్ళకు గొట్టాల్లో వచ్చే సహజవాయువులో ఎక్కువ భాగం మీథేన్. మీథేన్‌లోని హైడ్రోజన్ మంటలో ఆక్సిజన్‌తో కలిసి నీటి ఆవిరిగా మారుతుంది. ఒక ఘనపు మీటరు గ్యాసు కాలితే సుమారు లీటరున్నర నీళ్ళకు సరిపడా ఆవిరి తయారవుతుంది. మీటరు మీద ఆ ఒక్క ఘనపు మీటరు బిల్లులో దాదాపు పదకొండు యూనిట్లుగా, అంటే కిలోవాట్ అవర్లుగా, లెక్కకు వస్తుంది. ఆ పదకొండులో ఇంచుమించు ఒక యూనిట్ వేడి ఆ ఆవిరిలోనే ఉండిపోతుంది. ఆవిరి ఆవిరిగానే బయటి గోడకున్న పొగగొట్టంలోంచి వెళ్ళిపోతే, మనం డబ్బు కట్టిన ఆ యూనిట్ వీధిలో కలిసినట్టే.

ఇడ్లీ ఎలా ఉడుకుతుందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. పిండికి మంట తగలదు, అడుగున మరిగే నీళ్ళూ తగలవు. ఆవిరి పైకి వచ్చి చల్లటి పిండిని తాకి నీరవుతుంది. నీరయ్యేటప్పుడు తనలో దాగిన వేడంతా పిండికి ఇచ్చేస్తుంది. ఇప్పుడు మన ఇళ్ళలో ఉన్న కండెన్సింగ్ బాయిలర్ చేసేదీ ఇదే. రేడియేటర్లన్నీ తిరిగి చల్లారి వచ్చిన నీళ్ళు బాయిలర్ లోపలి గొట్టాల్లోకి చేరతాయి. మంటలోంచి వచ్చిన ఆవిరి ఆ గొట్టాల చల్లదనానికి నీరై, ఆ దాగిన వేడిని తిరిగొచ్చిన నీళ్ళకు అప్పగిస్తుంది. అయితే దీనికి ఒక షరతుంది. తిరిగి వచ్చే నీళ్ళు సుమారు 55 డిగ్రీల కంటే చల్లగా ఉండాలి. అంతకంటే వేడిగా వస్తే ఆవిరి నీరు కాదు. 55కి ఎంత కిందికి వస్తే అంత ఎక్కువ ఆవిరి నీరవుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. 80 డిగ్రీలతో బయల్దేరిన నీళ్ళు ఇల్లంతా తిరిగి 60, 65 దగ్గర వెనక్కి వస్తాయి. ఆవిరి నీరయ్యే ప్రసక్తే ఉండదు. పేరుకు కండెన్సింగ్ బాయిలర్, పనికి పాత బాయిలర్. అదే 60తో పంపితే 40, 45 దగ్గర తిరిగి వస్తాయి. బాయిలర్ దేని కోసం తయారైందో ఆ పని చేస్తుంది. కొన్నప్పుడు కాగితం మీద చూపించిన 92 శాతం సామర్థ్యం ఇలాంటి పరిస్థితిలో దొరికేదే.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 ఏప్రిల్ నుంచి కొత్తగా పెట్టే గ్యాస్ బాయిలర్ దాదాపుగా కండెన్సింగ్ రకమే అయి ఉండాలన్నారు. యంత్రం మారింది, అలవాటు మారలేదు. పాత రోజుల్లో ఇక్కడ రేడియేటర్ల లెక్క వేసేటప్పుడు 82 డిగ్రీలతో నీళ్ళు పోయి 71తో తిరిగి వస్తాయని అనుకునేవాళ్ళు. ఆ అంకెలు బిగించేవాళ్ళ చేతుల్లో ఉండిపోయాయి. పైగా 75 లోనో 80 లోనో పెట్టి వెళితే ఇల్లు చప్పున వేడెక్కుతుంది, ఇంటివాళ్ళ నుంచి ఫిర్యాదు ఫోను రాదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఇన్నేళ్ళు, ఇన్ని లక్షల ఇళ్ళలో, ఒక మీట నొక్కితే పోయే వృథాని ఎవరూ పట్టించుకోలేదు. గ్యాసు చవగ్గా ఉన్నంత కాలం అది కనబడలేదు.

2022లో కనబడింది. ఆ ఏప్రిల్‌లో ధరల పరిమితి మామూలు ఇంటికి ఏడాదికి 1,277 పౌండ్ల నుంచి 1,971 పౌండ్లకు ఎగబాకింది. అక్టోబరుకి గ్యాసు యూనిట్ సగటున 10.3 పెన్నీలైంది. అప్పుడు బాయిలర్ తయారీదార్ల పరిశ్రమ మండలే ముందుకొచ్చి, ఫ్లో టెంపరేచర్ తగ్గిస్తే గ్యాసు 6 నుంచి 8 శాతం ఆదా అవుతుందని చెప్పింది. నెస్టా అనే సంస్థ ఇంటింటికీ ఈ మాట చేరేలా ఒక ప్రచారం నడిపింది. డిసెంబరులో ప్రభుత్వమే 75 నుంచి 60కి తగ్గించమని సలహా ఇచ్చింది. మధ్యరకం వాడకం ఉన్న ఇంటికి ఏడాదికి 11,500 యూనిట్ల గ్యాసని ఇంధన ధరల నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ 2023లో వేసిన లెక్క. అందులో 6 నుంచి 8 శాతం అంటే 700 నుంచి 900 యూనిట్లు. 2022 అక్టోబరు ధరలో 70 నుంచి 95 పౌండ్లు. కొత్త వస్తువు కొననక్కర్లేదు, ఎవరినీ పిలవనక్కర్లేదు, చలికి ఓర్చుకోనక్కర్లేదు.

ఇక్కడ ఒక అనుమానం రావాలి, వచ్చితీరాలి. 60 డిగ్రీల నీళ్ళతో రేడియేటర్ తక్కువ వేడి ఇస్తుంది కదా? ఇస్తుంది. 80తో పోయి 60తో తిరిగొచ్చేటప్పుడు ఇచ్చే వేడితో పోలిస్తే, 60తో పోయి 40తో తిరిగొచ్చేటప్పుడు దాదాపు సగమే ఇస్తుంది. ఆ సగం సరిపోతుందా అన్నదే అసలు ప్రశ్న. ఎక్కువ ఇళ్ళలో, ఎక్కువ రోజులు సరిపోతుంది. రేడియేటర్ల సైజు లెక్క వేసింది బయట సున్నాకు రెండు మూడు డిగ్రీలు దిగువన గడ్డకట్టే రోజు కోసం. దక్షిణ ఇంగ్లండ్ చలికాలంలో మామూలు రోజు 5, 8 డిగ్రీల మధ్య ఉంటుంది. పైగా 1930ల సెమీ ఇంట్లో రేడియేటర్లు పెట్టాక ఎన్నో ఏళ్ళకు డబుల్ గ్లేజింగ్ వచ్చింది, అటక మీద చలిని ఆపే మందపాటి పొర వచ్చింది. ఇంటికి కావలసిన వేడి తగ్గింది, రేడియేటర్లు మాత్రం అంతే ఉన్నాయి.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్న ఇళ్ళలో ఈ మాట మరీ ముఖ్యం. గుంటూరు నుంచో వరంగల్ నుంచో దిగిన పెద్దవాళ్ళు రేడియేటర్ మీద చెయ్యి వేసి, "ఇది గోరువెచ్చగా ఉందమ్మా, పని చెయ్యట్లేదేమో" అంటారు. చెయ్యి కాలేలా ఉంటేనే పని చేస్తున్నట్టని మనకందరికీ మనసులో నాటుకుపోయింది. వాళ్ళకు రేడియేటర్ చూపించకండి, గదిలో చిన్న థర్మామీటర్ పెట్టి చూపించండి. వయసు మళ్ళినవాళ్ళు ఉన్న ఇంట్లో గది 18 డిగ్రీలకు తగ్గకూడదని ఇక్కడి ఆరోగ్యశాఖ సలహా. మన పెద్దవాళ్ళకు 21 కావాలంటే గోడ మీద 21 పెట్టండి, ఏమీ మొహమాటపడకండి. బాయిలర్ మీద అంకె మాత్రం 60 దగ్గరే ఉండనివ్వండి. ఆదా కోసం పెద్దవాళ్ళను చలిలో కూర్చోబెట్టాల్సిన పని లేదు. గోడ మీద అంకె వాళ్ళ సుఖం కోసం, బాయిలర్ మీద అంకె బిల్లు కోసం.

సరే, తగ్గించడం ఎలా? ముందు మీ ఇంట్లో ఏ రకం బాయిలరుందో చూసుకోవాలి. వేడినీళ్ళు నిలవ ఉంచే పెద్ద సిలిండర్ ఎక్కడా లేకుండా, కుళాయి తిప్పగానే బాయిలర్ అప్పటికప్పుడు వేడి చేసి ఇస్తుంటే అది కాంబి బాయిలర్. అలాంటి ఇళ్ళకు ఈ పని చాలా సులువు. బాయిలర్ మీద రెండు గుర్తులుంటాయి, రేడియేటర్ బొమ్మ ఒకటి, కుళాయి బొమ్మ ఒకటి. రేడియేటర్ బొమ్మ పక్కన ఉన్నదాన్ని ఇప్పుడు ఎంతుందో ఒక కాగితం మీద రాసుకుని, 60కి తగ్గించండి. రెండు మూడు రోజులు చూడండి. గది సరిగ్గా వెచ్చబడుతుంటే 55కి రండి. అక్టోబరు, నవంబరు, మళ్ళీ మార్చి నెలల్లో చాలా ఇళ్ళకు 50 కూడా చాలు. జనవరిలో బయట నేల గట్టిపడే వారం వస్తే మళ్ళీ 60కి పెంచుకోండి. నిదానంగా వెచ్చబడుతుంది కాబట్టి పొద్దున్నే హీటింగ్ మొదలయ్యే సమయాన్ని అరగంట ముందుకు జరపండి. ఎవరూ లేని ఇంట్లో పగలంతా నడపక్కర్లేదు.

కొన్ని పాత బాయిలర్ల మీద డిగ్రీలుండవు, తిప్పే గుండ్రటి మర మీద తక్కువ, ఎక్కువ అన్న గుర్తులే ఉంటాయి. అలాంటప్పుడు గొట్టానికి తగిలించే చవక థర్మామీటర్లు రెండు కొనుక్కోండి. కాంబి బాయిలర్ కింద ఐదు ప్రధాన గొట్టాలుంటాయి. మామూలుగా ఎడమ చివరిది రేడియేటర్లకు పోయేది, కుడి చివరిది తిరిగి వచ్చేది. కంపెనీని బట్టి వరుస మారవచ్చు కాబట్టి బాయిలర్‌తో వచ్చిన పుస్తకంలో బొమ్మ చూసుకోండి. ఆ రెంటికీ చెరొకటి తగిలించి, హీటింగ్ ఒక అరగంట నడిచాక చూడండి. తిరిగొచ్చే గొట్టం మీద 45 కనిపిస్తే బ్రహ్మాండం. 55 దాటి ఉంటే ఇంకా తగ్గించవచ్చు. బాయిలర్ నుంచి వంటింటి తూముకో, బయట కాలువకో పోయే సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఒకటుంటుంది. ఆవిరి నీరైందంతా బయటికి వచ్చేది దాన్లోంచే. అంకె తగ్గించాక హీటింగ్ నడుస్తున్నప్పుడు దాని దగ్గర చెవి పెట్టండి. ఉండి ఉండి గుక్కెడు గుక్కెడు నీళ్ళు జారుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఇంతకు ముందు ఆవిరిగా వీధిలోకి పోయిన నీళ్ళే అవి. ఆ గొట్టం ఇంటి బయట ఎక్కువ దూరం నడిస్తే మంచు రోజుల్లో గడ్డకట్టి బాయిలర్ ఆగిపోవచ్చు. అప్పుడు ఆ గొట్టం మీద గోరువెచ్చని నీళ్ళు పోయండి, మరిగే నీళ్ళు వద్దు.

ఇప్పుడు జాగ్రత్తలు. మీ ఇంట్లో సిలిండర్ ఉంటే ఇందాక చెప్పినట్టు 60కి గానీ, ఇంకా కిందికి గానీ దించకూడదు. నిలవ ఉన్న గోరువెచ్చని నీళ్ళలో లెజియొనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది. ఆ నీటి తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి తెచ్చే నిమోనియా వస్తుంది. 1976లో ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సభకు వచ్చినవాళ్ళు దీనికి బలైనప్పుడు లోకానికి ఈ జబ్బు సంగతి తెలిసింది. అందుకే సిలిండర్‌లో నీళ్ళు 60 డిగ్రీలకు చేరి తీరాలి. అవి 60కి చేరాలంటే బాయిలర్ నుంచి వచ్చే నీళ్ళు 65, 70 ఉండాలి. సిలిండర్‌కి ఒక వేడి, రేడియేటర్లకు ఇంకో వేడి పంపగలిగే కంట్రోళ్ళు కొన్నిటికి ఉంటాయి. మీదానికి ఉందో లేదో సర్వీసు చేసే మనిషిని అడగండి. లేకపోతే 65, 70 మధ్య వదిలేయండి.

ఇంకొకటి, 2005 కంటే ముందుదైన పాత బాయిలర్ ఎక్కడైనా ఇంకా నడుస్తూ, దానికి ఆ ప్లాస్టిక్ గొట్టం లేకపోతే, దాన్ని కదిలించకండి. ఆవిరి నీరైనప్పుడు ఆ నీళ్ళకు ఆమ్ల గుణం ఉంటుంది. పాత రకం లోహాన్ని అది తినేస్తుంది.

కుళాయి బొమ్మ పక్కనున్న రెండో అంకె గురించి కూడా చెప్పాలి. కాంబిలో నీళ్ళు నిలవ ఉండవు కాబట్టి అక్కడ 48, 50 చాలు. మన ఇళ్ళలో అది 60 మీద పెట్టి, కుళాయి దగ్గర చన్నీళ్ళు కలుపుకుని, బకెట్ నింపుకుని స్నానం చేయడం కద్దు. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడంటారు గానీ, ఈ విషయంలో ఆ తోడు అవసరం లేదు. కలిపితే వేడి ఎక్కడికి పోతుంది, బకెట్లోనే ఉంటుంది కదా అని మీరు అడగవచ్చు. బకెట్లోది బకెట్లోనే ఉంటుంది. బాయిలర్ నుంచి స్నానాలగది దాకా గొట్టంలో ఆగిపోయిన నీళ్ళు మాత్రం 60 నుంచి చల్లారతాయి, 48 నుంచి కాదు. అది కుళాయి కట్టేసిన ప్రతిసారీ జరుగుతుంది. లండన్‌లో, థేమ్స్ లోయలో నీళ్ళలో సున్నం ఎక్కువ. కెటిల్ అడుగున తెల్లగా పేరుకునేది చూస్తూనే ఉన్నారు. అదే సున్నం బాయిలర్ లోపల వేడినీళ్ళు తయారయ్యే పలకల మధ్యా పేరుకుంటుంది, వేడి పెరిగిన కొద్దీ త్వరగా. వీటన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది పిల్లల ఒళ్ళు. 60 డిగ్రీల నీళ్ళు కొన్ని క్షణాల్లో చర్మాన్ని కాల్చేస్తాయి. 48 దగ్గర చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి ఉంటుంది.

చాలా కాంబిల్లో ప్రీహీట్ అనో, కంఫర్ట్ అనో ఒక మీట ఉంటుంది. కుళాయి తిప్పగానే వేడినీళ్ళు రావడానికి, ఎవరూ వాడకపోయినా బాయిలర్ అప్పుడప్పుడూ లేచి తన లోపలి నీళ్ళు వేడి చేసుకుంటుంది. అర్ధరాత్రి ఎవరూ లేవకుండానే బాయిలర్ చప్పుడు వినిపిస్తే కారణం ఇదే కావచ్చు. దాన్ని ఎకోలోకి మార్చండి. వేడినీళ్ళ కోసం ఇంకాస్త సేపు ఆగాలి, అంతే.

రేడియేటర్ మీద బట్టలు ఆరేసుకునే ఇళ్ళకు ఒక మాట. వేడి తగ్గితే బట్టలు నెమ్మదిగా ఆరతాయి. అసలు రేడియేటర్‌ని తువ్వాళ్ళతో కప్పేస్తే గదికి వేడి రాదు, ఆ తడంతా గోడల మీద బూజవుతుంది. బట్టలు వేరే స్టాండు మీద, కిటికీ కాస్త తెరిచి ఆరేసుకోండి. దోసెల పిండి రేడియేటర్ పక్కన పెట్టి పులియబెట్టే అలవాటున్నవాళ్ళకు మాత్రం ఇది మంచి కబురు. 75 డిగ్రీల రేడియేటర్ పక్కన గిన్నెకు ఒక వైపు వేడెక్కి పిండి చెడిపోయేది. 50 దగ్గర నిదానంగా, సమంగా పులుస్తుంది.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు కూడా ఈ అంకెలు మార్చుకోవచ్చు. ఇవి వాడేవాళ్ళ కోసం పెట్టినవే. బాయిలర్ మూత విప్పడం మాత్రం గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్న మనిషి తప్ప ఎవరూ చేయకూడదు. ఇంటి యజమాని ఏటా గ్యాసు తనిఖీ చేయించి మీకు పత్రం ఇవ్వాలి. ఇంగ్లండ్‌లో 2022 అక్టోబరు నుంచి బాయిలర్ ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా పెట్టించాలి. లేకపోతే అడగండి. అడగడం మీ హక్కు.

సర్వీసుకు మనిషి వచ్చినప్పుడు టీ ఇచ్చి కూర్చోబెట్టి రెండు విషయాలు అడగండి. బాయిలర్ గరిష్ఠ శక్తిని ఇంటికి తగ్గట్టు తగ్గించారా అన్నది ఒకటి. కాంబిలు స్నానం నీళ్ళ కోసం 24, 30 కిలోవాట్ల శక్తితో వస్తాయి, మామూలు ఇంటి రేడియేటర్లకు అందులో సగం కూడా అక్కర్లేదు. తగ్గించకపోతే బాయిలర్ మాటిమాటికీ వెలిగి ఆరిపోతూ గ్యాసు తింటుంది. బయటి చలిని బట్టి నీళ్ళ వేడిని తనంతట తనే మార్చుకునే సెన్సర్ దీనికి పెట్టవచ్చా అన్నది రెండోది. జర్మనీలో అది మామూలు సంగతి. ఇక్కడ 2018 నుంచి ఇంగ్లండ్‌లో కొత్త కాంబి పెట్టినప్పుడు ఒకటైనా చేర్చాల్సిన అదనపు సదుపాయాల జాబితాలో అదీ ఉంది, కానీ ఎక్కువ మంది వేరేవి ఎంచుకుని దీన్ని వదిలేస్తున్నారు. అది పెట్టించుకుంటే నేను ఇంతసేపూ చెప్పిన 50, 55, 60 మార్పులు మీరు చేయనక్కర్లేదు.

చివరగా ఈ చలికాలంలో మీరు రాసిపెట్టుకోవలసింది ఒకటుంది. 2022 జూన్ నుంచి ఇంగ్లండ్‌లో కొత్తగా వేసే రేడియేటర్ల వ్యవస్థ 55 డిగ్రీలకు మించని నీళ్ళతో నడిచేలా ఉండాలన్నది నిబంధన. గ్యాస్ బాయిలర్ల స్థానంలో రాబోయే హీట్ పంపులు ఆ వేడితోనే బాగా పని చేస్తాయి. జనవరిలో అన్నిటికంటే చలిగా ఉన్న వారం మీ బాయిలర్ ఎంతలో పెడితే ఇల్లు వెచ్చబడిందో, ఏ గది వెనకబడిందో కాగితం మీద రాసి ఉంచుకోండి. 55తో గడిచిపోతే మీ రేడియేటర్లు హీట్ పంపుకీ సరిపోతాయి. ఒక్క గది వెనకబడితే ఆ ఒక్క రేడియేటర్ పెద్దది చేయిస్తే చాలు. రేపు ఎవరైనా మీ ఇంటికి వచ్చి, మొత్తం రేడియేటర్లన్నీ పీకి కొత్తవి వేయాలని వేల పౌండ్ల లెక్క చూపిస్తే, మీరు ఆ కాగితం తీసి చూపించి మాట్లాడవచ్చు.